నెలనెలా జారిపోయే చందాలు

పత్రికకు చందా కట్టడం మన ఇళ్ళలో కొత్త సంగతి కాదు. వెనుక ఏడాదికొకసారి చందా కట్టేవాళ్ళం. గడువు తీరగానే "మీ చందా ఈ సంచికతో ముగిసినది" అని చీటీ వచ్చేది. ఇష్టమైతే మనియార్డరు పంపేవాళ్ళం, లేకపోతే వూరుకునేవాళ్ళం. వూరుకుంటే పత్రిక దానంతట అదే ఆగిపోయేది. మన బద్ధకం కూడా మన డబ్బుకు కాపలా కాసేదన్నమాట.

ఇప్పటి చందాల పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. సినిమాలు చూపే యాప్‌కో, పాటలు వినిపించే యాప్‌కో, పిల్లలకు లెక్కలు నేర్పే యాప్‌కో ఒక్కసారి కార్డు నెంబరు ఇచ్చి, ఓ.టి.పి. కొట్టి ఒప్పుకుంటే చాలు. ఆ తరువాత మనం వూరుకుంటే చందా ఆగదు, సాగుతుంది. ఆపాలంటే మనమే పూనుకుని ఆపాలి. వెనుక మనకు కాపలా కాసిన బద్ధకమే ఇప్పుడు అవతలివారికి రాబడి. మొత్తం చిన్నదే కనుక ఎవరూ పట్టించుకోరు. నెలకు 149 రూపాయలంటే లెక్కలోకి రాదనిపిస్తుంది. ఏడాదికి 1,788 అని కలుపుకుంటే వంటింటి ఖర్చులో ఒక భాగం కనబడుతుంది. అటువంటివి నాలుగు వుంటే ఏడు వేలు దాటిపోతుంది.

ఈ చందా తాడుకు రెండు కొసలున్నవి. ఒక కొస వ్యాపారి చేతిలో వున్నది, రెండవ కొస మన బ్యాంకులో వున్నది. చాలామందికి మొదటి కొస మాత్రమే తెలుసు. వ్యాపారి వెబ్‌సైటులో "రద్దు" అన్న మాట కోసం గంటసేపు వెదికి, దొరకక విసిగి వదిలేస్తారు. రెండవ కొసను మనమే విప్పుకోవచ్చునని, అందుకు వ్యాపారి దయ అక్కరలేదని తెలిసినవారు తక్కువ. ఈ నెల ఆ రెండవ కొస సంగతి చెప్పుకుందాం.

ముందు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూద్దాం. ఇన్నిన్ని రోజులకొకసారి, ఇంత మొత్తం, ఫలానా వ్యాపారికి నా కార్డు నుంచి చెల్లించవచ్చునని మనం బ్యాంకుకు ముందుగా ఇచ్చే అనుమతికి ఇ-మాండేటు అని పేరు. పాతకాలంలో బ్యాంకుకు కాగితం మీద రాసి ఇచ్చే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ వంటిదే ఇది. ఇప్పుడు కాగితం లేదు, సంతకం బదులు ఓ.టి.పి. వున్నది. సంతకం చేసే ముందు కాగితం చదవడం మనకు అలవాటే గాని, ఓ.టి.పి. కొట్టే ముందు తెర చదవడం ఇంకా అలవాటు కాలేదు. చిక్కంతా అక్కడ మొదలవుతున్నది.

ఈ మాండేట్లకు రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులో నిబంధనలు పెట్టింది. అవి కార్డులకు మొదలై, 2020 జనవరిలో యు.పి.ఐ.కి కూడా వర్తించాయి. అప్పటికే నడుస్తున్న పాత ఏర్పాట్లను కొత్త నిబంధనలలోకి మార్చుకోవడానికి బ్యాంకులకు, వ్యాపారులకు గడువు ఇస్తూ వచ్చి, చివరకు 2021 సెప్టెంబరు 30తో ఆ గడువు ముగించారు. ఆ అక్టోబరులో చాలామందికి ఉన్నట్టుండి చందాలు చెల్లకపోవడం పాఠకులకు జ్ఞాపకం వుండవచ్చు. బ్యాంకుల యంత్రాలు చెడిపోయి కాదు. నిబంధనకు లోబడని చందాలను బ్యాంకులు ఒప్పుకోకపోవడం వలన అలా జరిగింది.

ఆ నిబంధనలలో మనకు కావలసినవి ఇవి.

మొదటిది: మాండేటు నమోదు చేసేటప్పుడు ఓ.టి.పి. వంటి అదనపు ధ్రువీకరణ తప్పదు. ప్రతిసారీ ఒకే మొత్తమా, లేక మారే మొత్తమా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. మారే మొత్తమైతే ఇంతకు మించి తీసుకోరాదని పైహద్దు మనమే పెట్టవచ్చు.

రెండవది: తరువాత ప్రతిసారీ డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు తెలియజేయాలి. ఏ వ్యాపారికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్న వివరాలు ఆ సందేశంలో వుండాలి. ఫాస్టాగ్‌లో, ప్రయాణపు కార్డులో సొమ్ము తగ్గినప్పుడు దానంతట అదే నింపుకునే ఏర్పాటుకు మాత్రం ఈ ముందు సందేశం అక్కరలేదని 2024లో మినహాయించారు.

మూడవది: ఆ సందేశం చూసి ఈ ఒక్కసారి చెల్లింపును ఆపవచ్చు, లేదా మాండేటునే రద్దు చేయవచ్చు. సందేశం వచ్చేదాకా ఆగవలసిన పని కూడా లేదు; ఎప్పుడైనా రద్దు చేసుకునే వసతి బ్యాంకు ఇచ్చి తీరాలి. రద్దుకూ ఓ.టి.పి. కావాలి. రద్దయిన తరువాత ఆ వ్యాపారి దగ్గర మన కార్డు వివరాలు తుడిచివేయించే బాధ్యత వ్యాపారి తరఫు బ్యాంకుది.

నాలుగవది: ఈ మాండేటు వసతికి మన దగ్గర రుసుము వసూలు చేయరాదు. చెక్కు ఆపించడానికి రుసుము కట్టిన అలవాటుతో దీనికీ భయపడనక్కరలేదు.

ఐదవది: ఓ.టి.పి. అడగకుండా తీసుకోగల మొత్తానికి హద్దు వున్నది. 2019లో అది 2,000 రూపాయలు. తరువాత 5,000 అయింది. 2022 జూనులో 15,000 చేశారు. బీమా ప్రీమియానికి, మ్యూచువల్ ఫండులకు, క్రెడిట్ కార్డు బిల్లుకు 2023 డిసెంబరులో లక్ష రూపాయల దాకా పెంచారు. అంటే మామూలు ఇంటి చందాలన్నీ హద్దు లోపలివే. అవి మనల్ని అడగకుండానే సాగిపోతాయి. అందువల్ల ముందు రోజు వచ్చే ఆ చిన్న సందేశమే మనకు మిగిలిన కాపలా.

కాని కాపలావాడు కేకవేసిన భాష మనకు అర్థం కాకపోతే? మన కుటుంబాల సంగతి ఇక్కడే వేరు పడుతుంది.

బరంపురంలో మా సంఘానికి వచ్చే రిటైరయిన మాస్టారు ఒకరున్నారు. ఆయన తెలుగు చదువుతారు, ఒడియా చదువుతారు. ఇంగ్లీషు పెద్దగా చదవరు. మొన్న వేసవిలో పాసుబుక్కు తీసుకొచ్చి నా ముందు పెట్టారు.

"ఏం బాబూ, నా పింఛనులో నెలకు 299 రూపాయలు ఎవరో కోసుకుంటున్నారు. బ్యాంకుకు వెళ్ళి అడిగితే మీరే ఒప్పుకున్నారంటున్నారు. నేనెప్పుడు ఒప్పుకున్నానయ్యా?"

"ఫోను ఇలా ఇవ్వండి మాస్టారూ, చూద్దాం," అన్నాను.

సందేశాలన్నీ అందులోనే వున్నవి. ఏడు నెలలుగా ప్రతినెలా ఒకటి, డబ్బు పోయే ముందు రోజున. ఏడూ ఇంగ్లీషులో. ఏ ఒక్కటీ తెరిచి చూసిన జాడ లేదు. సెలవులకు వచ్చిన మనవడు ఏదో ఆటల యాప్‌లో "మొదటి నెల ఉచితం" అని చూసి తాతగారి కార్డు ఇచ్చాడు. ఓ.టి.పి. తాతగారి ఫోనుకే వచ్చింది. అది కొట్టి ఆడుకున్నాడు, సెలవులైపోగానే వెళ్ళిపోయాడు. చందా మాత్రం వుండిపోయింది.

"ఇంగ్లీషులో వచ్చేవన్నీ ప్రకటనలేనని తీసి పారేస్తుంటాను బాబూ. ఇందులో ఇంత సంగతి వున్నదని ఎవరు చెప్పారు?" అన్నారు మాస్టారు.

ఆయన ఫోనులోనే బ్యాంకు యాప్ తెరిచి, కార్డుల పేజీలో మాండేట్ల జాబితాకు వెళ్ళి, రద్దు నొక్కి, వచ్చిన ఓ.టి.పి.ని ఆయన చేతనే కొట్టించడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఎనిమిదవ నెల డబ్బు పోలేదు. కాని పోయిన 2,093 రూపాయలు తిరిగి రాలేదు. ఓ.టి.పి. సరిగ్గా పడింది, ముందు రోజు సందేశాలు వెళ్ళాయి. బ్యాంకు దృష్టిలో అది ఆయన ఇచ్చిన అనుమతే. రద్దు ముందుకు పనిచేస్తుంది, వెనక్కు పనిచేయదు. ఈ మాట అందరూ గుర్తుంచుకోవాలి. ఆలస్యమైన ప్రతి నెలకూ వెల వున్నది.

2019 నాటి ఆ నిబంధనలోనే ఇంకొక మాట వున్నది. ముందు సందేశం స్పష్టంగా, సందిగ్ధం లేకుండా, అర్థమయ్యే భాషలో వుండాలని, అది ఏ మార్గాన రావాలో ఎన్నుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని అందులో రాశారు. అర్థమయ్యే భాష అంటే ఎవరికి అర్థమయ్యే భాష? షోలాపురంలో మగ్గం నేసి వృద్ధాప్యంలోకి వచ్చిన తెలుగువారికి, హోసూరులోని అమ్మమ్మలకు, బళ్ళారిలోని తాతయ్యలకు అర్థమయ్యే భాష ఏది? శాఖకు వెళ్ళినప్పుడు సందేశాల భాష మార్చే వీలున్నదా అని అడగండి. వున్నచోట మార్పించండి. లేదంటే ఆ కోరికను కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. ఇటువంటి కోరిక ఒక్కరు రాస్తే ఫైలులో వుంటుంది, వందమంది రాస్తే బల్ల మీదికి వస్తుంది. ఆఫీసులో కాగితాల నడక చూస్తున్నవాడిని కనుక ఈ మాట చెప్పగలను.

ఇక ఎవరి ఇంట్లో వారు చేసుకోగల పని చెబుతాను.

కార్డు మీద వున్న చందాలకు బ్యాంకు యాప్‌లో గాని, నెట్ బ్యాంకింగులో గాని కార్డుల విభాగంలో చూడాలి. ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క పేరు పెట్టింది: కొందరు "ఇ-మాండేటు" అంటారు, కొందరు "స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్" అంటారు, కొందరు "రికరింగ్ పేమెంట్స్" అంటారు. పేరు ఏదైనా లోపల వుండేది ఒకటే జాబితా. కొన్ని బ్యాంకులు ఈ జాబితాను వేరే వెబ్‌సైటులో పెట్టాయి. ఆ సంగతి వాళ్ళు పంపే సందేశంలోనే వుంటుంది. యాప్ వాడనివారు శాఖలో అడగవచ్చు, కార్డు వెనుక వున్న నెంబరుకు ఫోను చేయవచ్చు.

యు.పి.ఐ. మీద వున్నవి వేరు. యు.పి.ఐ. ఆటోపే 2020 జూలైలో వచ్చింది. మీరు వాడే యు.పి.ఐ. యాప్‌లోనే "ఆటోపే" లేక "మాండేట్స్" అన్నచోట ఆ జాబితా కనబడుతుంది. కార్డు జాబితా ఖాళీగా వున్నదని నిశ్చింతగా వుండకండి. చందా అక్కడ వుండవచ్చు.

ఫోనులోని ప్లేస్టోరు ద్వారా తీసుకున్న చందాలు ఆ స్టోరులోని చందాల పేజీలో వుంటాయి. యాప్‌ను ఫోనులోంచి తీసివేస్తే చందా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆగదు. పత్రికను అటకమీద పారేసినంత మాత్రాన చందా రద్దు కాదు గదా, ఇదీ అంతే.

కొందరు కోపం వచ్చి కార్డునే మూయించేస్తామంటారు. అది ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఆ కార్డు మీదే కరెంటు బిల్లు, బీమా ప్రీమియం నడుస్తుంటే అవీ ఆగిపోతాయి. కార్డును పూర్తిగా మూయకుండా ఆన్‌లైను వాడకాన్ని, విదేశీ వాడకాన్ని విడివిడిగా ఆపుకునే మీటలు, హద్దులు పెట్టుకునే వీలు ప్రతి కార్డుకూ వుండాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలోనే ఆదేశించింది. బ్యాంకు యాప్‌లో కార్డు పేజీలోనే ఆ మీటలుంటాయి. పెద్దవాళ్ళ కార్డులకు విదేశీ వాడకం ఆపి, ఆన్‌లైను వాడకానికి చిన్న హద్దు పెడితే సగం బెడద పోతుంది.

బ్యాంకు కొస విప్పినంతమాత్రాన వ్యాపారితో మన ఒప్పందం తెగిపోదన్నది కూడా మరవరాదు. డబ్బు వెళ్ళే దారి మాత్రమే మూసుకుంటుంది. యాప్ చందా అయితే డబ్బు అందకపోతే వాళ్ళు సేవ ఆపుతారు, అంతటితో సరి. అయినా వ్యాపారికి కూడా ఒక మెయిలు రాసి దాచుకోవడం మంచిది. కాని అన్ని చెల్లింపులూ చందాలు కావు. బీమా ప్రీమియం మాండేటు తొందరపడి రద్దు చేస్తే పాలసీ మురిగిపోగలదు; నెలసరి కట్టేవారికి అదనపు గడువు 15 రోజులే, మిగతా వారికి 30 రోజులు. అప్పు కిస్తీ సంగతి ఇంకా గట్టిది. ఖాతాలో డబ్బు చాలక కిస్తీ మాండేటు తిరిగిపోతే, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షను కింద చెక్కు తిరిగిపోయినట్టే నేరమయ్యే ప్రమాదం వున్నది. జాబితా తెరిచినప్పుడు ఏది చందానో, ఏది బాకీనో చూసుకుని నొక్కండి.

రద్దు చేసిన తరువాత కూడా డబ్బు పోతే అది అనుమతి లేని చెల్లింపు అవుతుంది. అప్పుడు తాత్సారం పనికిరాదు. మన పొరపాటు గాని, బ్యాంకు పొరపాటు గాని లేకుండా డబ్బు పోయి, బ్యాంకు సందేశం అందిన 3 పనిదినాలలో తెలియజేస్తే మనకు నష్టం వుండరాదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. 4 నుంచి 7 రోజులైతే కొంత నష్టం మన మీద పడవచ్చు. అంతకు మించితే బ్యాంకు తన పద్ధతి ప్రకారం తేలుస్తుంది. రద్దయినట్లు బ్యాంకు పంపే సందేశాన్ని అందుకనే తుడిచివేయకండి. అదే మన రసీదు. ఫిర్యాదు నోటితో కాక రాతమూలకంగా ఇచ్చి, దాని నెంబరు రాసుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. వివరాలకు 14448 నెంబరుకు ఫోను చేయవచ్చు.

వ్యాపారి కొస గురించి కూడా చట్టం మౌనంగా లేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయలను పేర్లు పెట్టి మరీ నిషేధించింది. అందులో చందా వల ఒకటి. రద్దు మీటను దాచడం, రద్దును కావాలని దీర్ఘం చేయడం, ఉచిత చందాకు కూడా కార్డు వివరాలు ఇచ్చి తీరాలని పట్టుబట్టడం అన్నీ దాని కిందికే వస్తాయి. మాస్టారి మనవడికి ఎదురైన "మొదటి నెల ఉచితం" కూడా అటువంటిదే. ఇటువంటి వాటి మీద 1915 నెంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

చివరగా ఒక హెచ్చరిక. రద్దుకు ఓ.టి.పి. కావాలని పైన చెప్పాను. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దని కూడా మనమే పెద్దవాళ్ళకు చెబుతుంటాం. ఈ రెండు మాటల మధ్య దూరే దొంగలున్నారు. "మీ చందా రద్దు చేస్తాం, వచ్చిన నెంబరు చెప్పండి" అని ఫోను చేస్తారు. తేడా సులువుగా చెప్పుకోవచ్చు: మనం తెరిచిన బ్యాంకు యాప్‌లో మన వేలితో కొట్టేది రద్దు, ఎవరో ఫోను చేస్తే వాళ్ళకు చెప్పేది దోపిడీ. బ్యాంకు సిబ్బంది ఓ.టి.పి. అడగరు.

ఇల్లు చూసుకునే సోదరీమణులకు నా సలహా ఒకటే. పాల లెక్క, చాకలి పద్దు రాసే పుస్తకంలోనే ఒక పేజీ చందాలకు కేటాయించండి. పేరు, మొత్తం, ఏ తేదీన పోతుంది, ఎవరి కార్డు మీద, ఎవరు వాడుతున్నారు అని అయిదు గీతలు గీయండి. నెల మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని, "ఇది ఎవరైనా చూస్తున్నారా?" అని పేరు పేరునా అడగండి. జవాబు రానిదాన్ని అప్పుడే రద్దు చేయండి. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే వారానికొకసారి తాతయ్య ఫోనులో బ్యాంకు సందేశాలను తెలుగులో చదివి వినిపించే పని వాళ్ళకు అప్పజెప్పండి. కార్డు ఇవ్వడానికి పనికొచ్చిన మనవడు సందేశం చదవడానికీ పనికొస్తాడు. పదినిమిషాల పని. తాతయ్య పింఛనూ నిలుస్తుంది, పిల్లవాడికి రెండు భాషలూ నిలుస్తాయి.